కార్స్ట్ భూగర్భజలాల కాలుష్యం

సున్నపురాయి, డోలమైట్ వంటి కరిగే స్వభావం గల శిలలున్న చోట వాననీరు రాతిని కొద్దికొద్దిగా కరిగించి పగుళ్ళను, బిలాలను, సొరంగాలను ఏర్పరుస్తుంది. ఇలా ఏర్పడిన భూస్వరూపాన్ని కార్స్ట్ అంటారు. ఇటువంటి రాతి పొరలలో నిలిచి ప్రవహించే నీటిని కార్స్ట్ భూగర్భజలం అని, నీటిని ఇముడ్చుకున్న ఆ రాతి పొరను కార్స్ట్ జలస్తరం అని పిలుస్తారు. ఇసుక పొరలలోని నీటితో పోలిస్తే ఈ నీరు ఎన్నో రెట్లు వేగంగా కదులుతుంది, దారిలో దాదాపుగా వడపోత జరగదు. అందువలన చూపునకు ఎంతో తేటగా ఉండే ఈ నీరు మిగిలిన భూగర్భజలాలకంటే సులభంగా కలుషితమవుతుంది. 2000 సంవత్సరంలో కెనడాలోని వాకర్టన్ పట్టణంలో ఏడుగురి మరణానికి దారితీసిన తాగునీటి కాలుష్యం ఇందుకు బాగా పరిశోధించబడిన ఉదాహరణ.

మంచు కప్పని భూభాగంలో సుమారు 15 శాతం మేర ఈ కార్బొనేట్ శిలలు ఉపరితలంలో కనిపిస్తాయి. ప్రపంచ జనాభాలో ఇంచుమించు పదో వంతు తాగునీటి కోసం కార్స్ట్ జలాలపై ఆధారపడి ఉన్నదని అంచనా. ఆంధ్రప్రదేశ్‌లో కర్నూలు, నంద్యాల, కడప, పల్నాడు జిల్లాలలో సున్నపురాతి నేలలు విస్తారంగా ఉన్నాయి.

పేరు

స్లొవేనియా, ఇటలీ దేశాల సరిహద్దులో, ట్రియెస్ట్ నగరానికి ఎగువన ఉన్న క్రాస్ అనే రాతి పీఠభూమికి జర్మన్ భాషలో వాడిన పేరు కార్స్ట్. అక్కడ రేకా అనే నది ష్కోత్స్యాన్ గుహలలోకి దిగి అదృశ్యమై, 30 కిలోమీటర్లకు పైగా దూరాన సముద్రతీరం దగ్గర తిమావో నదిగా మళ్ళీ బయటికి వస్తుంది. సెర్బియా భూగోళ శాస్త్రవేత్త యొవాన్ త్స్వియిచ్ 1893లో ప్రచురించిన గ్రంథంతో ఈ పేరు ప్రపంచంలోని ఇటువంటి ప్రాంతాలన్నింటికీ స్థిరపడింది.

రాతిలో నీటి దారులు

వాన చినుకు గాలిలోని కార్బన్ డయాక్సైడును కొంత కలుపుకుంటుంది. మట్టిలోనికి ఇంకేటప్పుడు, వేళ్ళూ సూక్ష్మజీవులూ విడిచిన అదే వాయువును ఇంకా ఎక్కువగా కలుపుకొని బలహీనమైన కార్బోనిక్ ఆమ్లంగా మారుతుంది. ఈ ఆమ్లం సున్నపురాతిలోని కాల్షియం కార్బొనేటును, నీటిలో కరిగే కాల్షియం బైకార్బొనేటుగా మారుస్తుంది. గుహలోనికి చేరిన నీటినుండి వాయువు తప్పించుకున్నప్పుడు ఇదే చర్య వెనుకకు నడచి, పైకప్పు నుండి వేలాడే రాతి ఊడలు తయారవుతాయి. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కట్టడం కూడా ఇదే రసాయనిక చర్య.

మొదట వెంట్రుకవాసి ఉన్న పగులులోకి నీరు దిగుతుంది. కాస్త వెడల్పైన పగులులో ఎక్కువ నీరు పోతుంది, ఎక్కువ నీరు పోయిన పగులు ఇంకా వెడల్పవుతుంది. వేల సంవత్సరాలలో కొన్ని పగుళ్ళు మాత్రం గొట్టాలుగా, సొరంగాలుగా పెరిగి చుట్టుపక్కల నీటినంతటినీ తమవైపు లాక్కుంటాయి. మిగిలిన రాయి గట్టిగానే ఉంటుంది. అందువలన పక్కపక్కనే తవ్విన రెండు బోర్లలో ఒకటి ఎండిపోయి, మరొకటి పొంగిపొర్లడం ఈ నేలల్లో వింత కాదు.

ఇసుక పొరలలో భూగర్భజలం సాధారణంగా రోజుకు కొన్ని సెంటీమీటర్ల నుండి ఒకటి రెండు మీటర్ల వరకు కదులుతుంది. కార్స్ట్ సొరంగాలలో ఈ వేగం రోజుకు వందల మీటర్లు, కొన్నిచోట్ల కిలోమీటర్లు ఉంటుంది. నిజానికి దీనిని భూమిలోపల పారే వాగు అనుకోవడమే సరియైనది. కార్స్ట్ నీటిని గురించి తెలుసుకోవలసిన విషయాలన్నీ ఈ వేగం దగ్గరే మొదలవుతాయి.

సహజమైన నాణ్యత

మనుషుల వలన కల్మషం చేరనప్పుడు కార్స్ట్ నీరు మంచి నీరే. కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేటు ఎక్కువగా ఉండటం వలన కఠిన జలంగా ఉంటుంది. సబ్బు సరిగా నురగ రాదు, పప్పు ఉడకడానికి సమయం పడుతుంది, పాత్రల అడుగున తెల్లటి పొర కడుతుంది. భారత తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం మొత్తం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీరు దొరకనిచోట 600 వరకు అనుమతిస్తారు. కఠినత్వం ఇబ్బందే గాని రోగకారకం కాదు. రోగకారకమైనవి కంటికి కనబడవు.

ఈ నీటి నాణ్యత రోజులలో, ఒక్కొక్కసారి గంటలలో మారిపోతుంది. వేసవిలో ఊటకు చేరేది సన్నని పగుళ్ళలో చాలాకాలం నిలిచి నెమ్మదిగా దిగిన నీరు. పెద్దవాన కురిసిన కొద్ది గంటలకే అదే ఊటలో నేలపైనుండి నేరుగా వచ్చిన నీరు కలుస్తుంది. అప్పుడు కఠినత్వం ఉన్నట్టుండి తగ్గి, మడ్డి పెరిగి, బాక్టీరియా సంఖ్య ఎన్నో రెట్లవుతుంది. రెండు మూడు రోజులలో అంతా మామూలు స్థితికి వస్తుంది. నెలకొకసారి నమూనా తీసే పద్ధతిలో ఆ రెండు రోజులు దొరకకపోవచ్చు. పన్నెండు నెలల పరీక్షా ఫలితాలు బాగున్నంత మాత్రాన నీరు సురక్షితమని చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

కాలుష్యం జరిగే విధం

మట్టిపొర చాలా పనులు చేస్తుంది. మట్టిరేణువుల మధ్య సూక్ష్మజీవులు చిక్కుకుంటాయి, బంకమట్టికి అతుక్కుంటాయి, ఆలస్యం అయ్యేకొద్దీ చనిపోతాయి. జర్మనీలో తాగునీటి బావుల చుట్టూ ఏర్పరచే రక్షిత ప్రాంతాల లోపలి వలయానికి 50 రోజుల ప్రయాణకాలాన్ని హద్దుగా పెట్టుకోవడం వెనుక ఉన్న ఆలోచన ఇదే. ఆ గడువులోపల చాలా రోగకారక బాక్టీరియా నశిస్తుంది. కాని కార్స్ట్‌లో 50 రోజుల దూరం లెక్కకడితే ఒక్కోచోట ఊటకు నీరిచ్చే పరీవాహక ప్రాంతమంతా అందులోకి వచ్చేస్తుంది.

సున్నపురాతి మీద మట్టి తరచుగా పలుచగా ఉంటుంది. పైగా నేల కుంగి ఏర్పడిన గుంటలు, వాగులు మాయమయ్యే బిలాలు మట్టిపొరతో పనిలేకుండా మురుగును నేరుగా సొరంగంలోనికి దింపుతాయి. ఈ గుంటలు సాగుకు పనికిరావు కాబట్టి చాలా దేశాలలో పల్లెజనం వాటిని చెత్తకు, చచ్చిన పశువులకు వాడుకున్నారు. తమ ఊరి చెత్త పక్క ఊరి బావిలోనికి పోతున్నదని వారికి తెలియదు.

మరుగుదొడ్ల గుంతలు, పశువుల పెంట, ఎరువుల నుండి వచ్చే నైట్రేటు, పురుగుమందులు, కర్మాగారాల వ్యర్థాలు, నేలలో పాతిన పెట్రోలు ట్యాంకుల కారుడు ముఖ్యమైన కాలుష్య కారకాలు. నైట్రేటు నీటిలో పూర్తిగా కరిగి పోతుంది కాబట్టి వడపోత ఉన్నా ఆగదు. భారత ప్రమాణం ప్రకారం లీటరుకు 45 మిల్లీగ్రాములు దాని హద్దు. పెట్రోలు నీటిపై తేలుతూ గుహల పైభాగంలో ఆవిరి పోగుచేస్తుంది. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో బౌలింగ్ గ్రీన్ నగరం గుహల మీదనే కట్టిన ఊరు. అక్కడ 1980లలో ఇటువంటి ఆవిర్లు ఇళ్ళలోకి ఎగదన్ని జనాన్ని భయపెట్టాయి.

వేగానికి ఒక మేలు కూడా ఉంది. కాలుష్య మూలాన్ని ఆపివేస్తే సొరంగాలలోని నీరు కొద్దికాలంలోనే శుభ్రపడగలదు. ఇసుక పొరలలో దీనికి దశాబ్దాలు పడుతుంది. కాని సన్నని పగుళ్ళలో, అడుగు బురదలో చిక్కిన మలినాలు ప్రతి పెద్దవానకూ కొంతకొంత కదిలి వస్తూనే ఉంటాయి.

దారులు కనిపెట్టిన తీరు

భూమిలోపలి నీటి దారులు పైనున్న కొండల వాలును బట్టి పోవు. నీటిలో రంగు కలిపి ఎక్కడ తేలుతుందో చూడటమే నమ్మదగిన పరీక్ష. జర్మనీలో డాన్యూబ్ నది ఇమ్మెన్‌డింగెన్ దగ్గర నదీగర్భంలోని రంధ్రాలలోకి ఇంకిపోతుంది. ఆ నీరు సుమారు 12 కిలోమీటర్ల దూరంలోని ఆఖ్ ఊటకు చేరుతున్నదా అన్న విషయంపై, నీటిపై ఆధారపడిన మిల్లుల యజమానుల మధ్య వివాదం నడిచింది. 1877లో అడాల్ఫ్ క్నోప్ అనే ఆచార్యుడు ఉప్పు, నూనె, చివరకు 10 కిలోల ఫ్లోరెసీన్ రంగు నదిలో కలిపి చూశాడు. దాదాపు 60 గంటల తరువాత ఆఖ్ నీరు పచ్చగా మెరిసింది. డాన్యూబ్ నల్లసముద్రంలో కలిసే నది, ఆఖ్ నీరు రైన్ నదిలోకి పోతుంది. అనగా ఒక నది నీరు నేలకింద రెండో నదికి చేరిపోతున్నది.

ఫ్రాన్స్‌లో ఈ పరీక్ష ఎవరూ తలపెట్టకుండానే జరిగింది. 1901 ఆగస్టులో పోంతార్లియే పట్టణంలోని పెర్నో సారా కర్మాగారంపై పిడుగు పడి మంటలు లేచాయి. పేలుడు జరుగుతుందని భయపడి పనివాళ్ళు ఆబ్సాంత్ అనే మద్యం తొట్టెలను ఖాళీ చేయగా అది దూబ్ నదిలో కలిసింది. కొద్ది రోజులకు పది కిలోమీటర్లకు పైగా దూరాన, లూ నది పుట్టే ఊట దగ్గర ఆ మద్యం వాసన వచ్చింది. రెండింటికీ సంబంధం ఉన్నదని 1910లో రంగు పరీక్ష ద్వారా రుజువు చేసినవాడు గుహల అన్వేషకుడు ఎదువార్ ఆల్ఫ్రెడ్ మార్తెల్.

మార్తెల్‌కు ఈ విషయంలో ఆసక్తి ఊరకే కలగలేదు. 1891లో ఒక ఊట నీరు తాగి ఆయన జబ్బుపడ్డాడు. ఊటకు ఎగువనున్న బిలంలోకి దిగి చూస్తే అందులో కుళ్ళిన దూడ కళేబరం ఉంది. ఆయన పట్టుదల ఫలితంగా 1902 ఫిబ్రవరి 15న వచ్చిన ఫ్రెంచి ప్రజారోగ్య చట్టంలో బిలాలలో పశువుల కళేబరాలు వేయడాన్ని నిషేధించారు.

వాకర్టన్

వాకర్టన్ కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో సాగీన్ నది ఒడ్డున ఉన్న చిన్న పట్టణం. 2000లో జనాభా సుమారు 4,800. పట్టణానికి మూడు బావులనుండి నీరు వచ్చేది. వీటిలో 5వ నంబరు బావిని 1978లో తవ్వారు. దాని లోతు 15 మీటర్లు. పైనుండి కేవలం 5 మీటర్ల వరకే ఇనుప గొట్టం దించారు. నీరు 5.5 నుండి 7.4 మీటర్ల లోతున ఉన్న రాతి పగుళ్ళలోనుండి వచ్చేది. పైన మట్టి పలుచన, పక్కనే పశువుల పొలం. తవ్విన కొత్తలో చేసిన పరీక్షలలోనే బావి నీటిపై ఉపరితల ప్రభావం కనిపించింది. అయినా ప్రత్యేక షరతులేవీ లేకుండా అనుమతి లభించింది.

2000 మే 8 నుండి 12 వరకు ఐదు రోజులలో 134 మిల్లీమీటర్ల వాన కురిసింది. అంతకుముందు ఏప్రిల్‌లో పొలంలో చల్లిన పశువుల ఎరువులోనుండి ఈ. కొలై ఓ157:హెచ్7, కాంపైలోబాక్టర్ అనే రోగకారక బాక్టీరియాలు పగుళ్ళ గుండా 5వ బావిని చేరాయి. చేరిన మలినానికి తగినంత క్లోరిన్ నీటిలో లేదు. నిర్వాహకులు ఏళ్ళ తరబడి క్లోరిన్‌ను తక్కువగా కలిపి, కొలిచినట్టు పుస్తకంలో అంకెలు వేస్తూ వచ్చారని తరువాతి విచారణలో తేలింది.

మే 15న తీసిన నమూనాలలో కాలుష్యం ఉన్నట్టు ప్రయోగశాల మే 17న నీటి సరఫరా సంస్థకు తెలిపింది. సంస్థ ఆ విషయాన్ని ఆరోగ్యశాఖకు చెప్పలేదు. మే 19న పిల్లలలో రక్తవిరేచనాలు గమనించి ఆరోగ్యశాఖవారు అడిగినప్పుడు కూడా నీరు బాగానే ఉన్నదని సమాధానం వచ్చింది. మే 21, ఆదివారం మధ్యాహ్నం, ఆరోగ్యశాఖ తన బాధ్యత మీద నీరు మరిగించి తాగమని ప్రకటన చేసింది. అప్పటికే ఆలస్యమైంది. సుమారు 2,300 మంది జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు. మూత్రపిండాలను దెబ్బతీసే తీవ్రమైన వ్యాధి 27 మందికి సోకింది. వారిలో ఎక్కువమంది పిల్లలు.

న్యాయమూర్తి డెనిస్ ఓ'కానర్ జరిపిన విచారణ నివేదిక 2002 జనవరి, మే నెలలలో రెండు భాగాలుగా వెలువడింది. పశువుల యజమాని సరియైన పద్ధతులనే పాటించాడని, తప్పు అతనిది కాదని ఆయన తేల్చారు. బావి దగ్గర క్లోరిన్‌ను, మడ్డిని నిరంతరం కొలిచే పరికరాలు అమర్చి ఉంటే ఈ విపత్తు జరిగేది కాదన్నది ఆయన ముఖ్య నిర్ధారణ. విచారణలో బయటపడిన మరో విషయం ఆలోచింపజేస్తుంది. నిర్వాహకులు బావి నీటిని శుద్ధి చేయకముందే తాగేవారు. భూగర్భజలం కనుక అది మంచిదే అని వారు నిజంగానే నమ్మారు. వారి అబద్ధపు అంకెలను క్షమించలేము గాని, ఈ నమ్మకం మాత్రం వారొక్కరిదే కాదు. నిర్వాహకులిద్దరికీ 2004లో శిక్షలు పడ్డాయి.

కార్స్ట్ పరిశోధకులకు వాకర్టన్ మరొక కారణం చేత ముఖ్యమైనది. కాలుష్యం తరువాత మొదట చేసిన గణిత నమూనాలో రాతిని ఇసుక పొరలాగానే భావించారు. దాని ప్రకారం మిగిలిన బావులకు 30 రోజులలో నీరు చేరగల హద్దు 300 మీటర్ల లోపే. తరువాత స్టీఫెన్ వర్తింగ్టన్, క్రిస్టఫర్ స్మార్ట్ మొదలైనవారు బావులలోనికి కెమెరాలు దించి చూస్తే, నీరు కరిగి వెడల్పైన రాతి దారులనుండి రావడం కనిపించింది. సుమారు 350 మీటర్ల దూరంలో రంగు కలపగా అది ఒకరోజు, కాస్త అటూఇటూగా బావిని చేరింది. నమూనా నెల రోజులకు పైగా పడుతుందన్న దూరం అది. ఆ ప్రాంతంలో పెద్ద గుహలు గాని, బిలాలు గాని పైకి ప్రముఖంగా కనబడవు. కనుక గుహలు లేనంత మాత్రాన సున్నపురాయిని ఇసుక వలె లెక్కించరాదని తేలింది.

ఒంటారియోలో 2002లో సురక్షిత తాగునీటి చట్టం, 2006లో నీటి వనరులను మూలంలోనే కాపాడే స్వచ్ఛజల చట్టం వచ్చాయి.

హిడెన్ రివర్ గుహ

కెంటకీలోని హార్స్ కేవ్ పట్టణం నడిబొడ్డున ఈ గుహ ద్వారం ఉంది. లోపల నది పారుతుంది. ఒకప్పుడు ఊరికి తాగునీరు, కొంత విద్యుత్తు కూడా ఇక్కడి నుండే లభించేవి, యాత్రికులు వచ్చేవారు. ఇళ్ళ మురుగు, పాల ఉత్పత్తుల వ్యర్థాలు నేలలోనికి వదలడంతో దుర్గంధం భరించలేక 1943లో గుహను మూసివేశారు. తరువాతి కాలంలో లోహపు పూతల కర్మాగారపు వ్యర్థాలు కూడా చేరాయి. జేమ్స్ క్విన్లన్ చేసిన రంగు పరీక్షలలో ఈ గుహ నీరు గ్రీన్ నది ఒడ్డున 50కి పైగా ఊటలలో తేలుతున్నదని తెలిసింది. ఒక్క దారిలో వచ్చిన మలినం అన్ని చోట్ల పంచబడుతున్నదన్నమాట. 1989లో కొత్త మురుగుశుద్ధి వ్యవస్థ పనిచేయడం మొదలుపెట్టిన తరువాత నీరు బాగుపడింది, గుహలో బ్రతికే గుడ్డి చేపలు తిరిగి కనిపించాయి. 1993లో గుహను మళ్ళీ సందర్శకులకు తెరిచారు.

ప్రమాద అంచనా, రక్షణ

ఏ చోటు నుండి కాలుష్యం సులభంగా దిగుతుందో పటం గీయడానికి పలు పద్ధతులున్నాయి. స్విట్జర్లాండ్‌లో 1990లలో రూపొందిన ఎపిక్ పద్ధతి కార్స్ట్ కోసమే ఉద్దేశించినది. రాతి పైపొర, దానిని కప్పిన మట్టి, నీరు దిగే తీరు, లోపలి సొరంగాల అమరిక అనే నాలుగింటికి ఇందులో విలువలు ఇస్తారు. స్పెయిన్‌లో వచ్చిన కాప్ పద్ధతి వాన తీవ్రతను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఏ పటమైనా రంగు పరీక్షతో సరిచూడనిదే నమ్మదగినది కాదు.

ఆస్ట్రియా రాజధాని వియన్నాకు నీరు ఎక్కువగా ఆల్ప్స్ పర్వతాల కార్స్ట్ ఊటల నుండి వస్తుంది. మొదటి కాలువ 1873లో, రెండవది 1910లో పూర్తయ్యాయి. నగరపాలక సంస్థ ఆ ఊటల పైనున్న అడవులను తన అధీనంలో ఉంచుకొని, కలపకన్నా నీటికోసమే వాటిని పెంచుతున్నది. ఖర్చుతో కూడినదైనా ఇది మంచి మార్గం.

అంత స్తోమత లేని ఊళ్ళలో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. బోరు గొట్టాన్ని పలుచని పైపొర దాటి లోతుకు దించి చుట్టూ సిమెంటుతో మూయడం, కుంగిన గుంటలలో చెత్త వేయకుండా చూడడం, పెద్దవాన తరువాతి మొదటి రెండు రోజులలో నమూనాలు తీయడం, నీరు మడ్డిగా మారగానే క్లోరిన్ పెంచి ఆ రోజులలో మరిగించి తాగడం. మడ్డి నీటిలో క్లోరిన్ త్వరగా ఖర్చయిపోతుంది కాబట్టి ఎప్పుడూ వేసేంత వేస్తే సరిపోదు.

తెలుగు నేలపై

బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల ప్రాంతాలలో ఇళ్ళ అరుగులకు, నేలకు పరిచే నాపరాళ్ళు సున్నపురాతి పలకలే. భూగర్భ శాస్త్రంలో వీటిని కర్నూలు సముదాయానికి చెందిన నర్జి సున్నపురాయిగా గుర్తిస్తారు. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు ఈ రాతిలోనే ఏర్పడ్డాయి. కొలిచిన మేర వాటి పొడవు 3,229 మీటర్లు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటిని గురించి ప్రస్తావించగా, 1982-83లో డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం వివరంగా సర్వే చేసింది.

ఈ శిల వందకోట్ల ఏళ్ళకు అటూఇటూగా వయసున్న గట్టిరాయి. ఈ ప్రాంతంలోని ప్రతి బావీ సొరంగం మీదనే ఉన్నదని అనుకోకూడదు. చాలా బావులకు మామూలు పగుళ్ళ నుండే నీరు వస్తుంది. వాన తక్కువ కావడంతో కరగడం కూడా యూరప్ కొండలలో వలె వేగంగా జరగదు. అయితే పై మట్టి పలుచన, వాన కొద్ది రోజులలోనే కుండపోతగా కురుస్తుంది, రాతి గనులు మట్టిపొరను తొలగిస్తాయి. నాపరాయి తీసి వదిలేసిన గుంతలలో చెత్త పోయడం, మురుగు వదలడం సహజమైన బిలంలో పోయడంతో సమానం. బెలుంలో కింది మట్టంలో పాతాళగంగ అనే చోట ఒక నీటిపాయ రాతిలోకి దిగి కనుమరుగవుతుంది. ఆ నీరు బెలుం గ్రామంలోని బావిలో తేలుతుందని స్థానికుల నమ్మకం. ఇమ్మెన్‌డింగెన్ దగ్గర క్నోప్ రంగు కలిపి తేల్చినది ఇటువంటి ప్రశ్ననే.